ఉత్తరం బాల్కనీలో ఆర్కిడ్ ఆకుమచ్చలు: ఏప్రిల్ నుంచి జనవరి దాకా డైరీ

ఆర్కిడ్ ఆకు మీద మచ్చ కనబడగానే తెగులు మందు డబ్బా మూత తీసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను చేసిందీ అదే. పన్నెండు రోజులు, మూడు మంచి ఆకులు పోయాక గానీ మచ్చను ఎలా చూడాలో తెలియలేదు.

స్థలం: హైదరాబాద్, మియాపూర్ వైపు అపార్టుమెంటు, నాలుగో అంతస్తు. బాల్కనీ ఉత్తరం ముఖం. పొడవు 11 అడుగులు, వెడల్పు 4. పడమటి కొసన లావుపాటి పిల్లరు. కుండీలు 11, అన్నీ ఆర్కిడ్ రకాలే. 1 నుంచి 7 దాకా ఫలనాప్సిస్, 8 నుంచి 10 దాకా డెండ్రోబియం, 11 వాందా. వాందా ఉత్త వేర్లతో వేలాడుతుంది. మిగతావన్నీ కొబ్బరి డొక్క ముక్కలు, బొగ్గు ముక్కల్లో, రైలింగుకు తగిలించిన స్టాండ్లలో ఉన్నాయి. "ఉత్తరం బాల్కనీకి ఎండ రాదు, ఫలనాప్సిస్‌కి బంగారం లాంటి చోటు" అని మొక్కలు అమ్మినాయన చెప్పాడు. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆ మాట నిజమే అయింది.

మొదటి దశ: చూడకుండా కొట్టిన మందు (ఏప్రిల్ 9–20)

ఏప్రిల్ 9. 1, 2, 4, 5, 9 నంబర్ల మీద మచ్చలు. అన్నీ ఒకటే రోగం అనుకున్నాను. శిలీంధ్రాలను అరికట్టే మాంకోజెబ్ మందు లీటరుకు 2 గ్రాములు కలిపి 11 కుండీలకూ కొట్టాను.

ఏప్రిల్ 16. రెండోసారి కొట్టాను. 1, 2, 4 నుంచి ఒక్కో ఆకు కోసేశాను. ఫలనాప్సిస్ ఏడాదంతా కలిపి పెట్టేది రెండో మూడో ఆకులు. మొక్కకు ఉండేవే నాలుగైదు. ఒక్క ఆకు కోయడమంటే ఆరు నెలల ఎదుగుదల తీసేయడమే.

ఏప్రిల్ 20. 1, 4 మీద కొత్త మచ్చలు. మందు పొడి ఆకంతా తెల్లగా పేరుకుపోయి పాత మచ్చ అంచు ఎక్కడుందో కనబడటం లేదు. రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. పల్నాడులో మిరప వేస్తారు, ఆకుమచ్చలు ముప్పై ఏళ్లుగా చూస్తున్నారు.

"మచ్చ పెరుగుతోందా అమ్మా?"

"తెలియదు నాన్నా, మందు కొట్టేశాను."

"పెరుగుతుందో లేదో తెలియకుండా దేనికని కొట్టావు? ముందు కడిగెయ్. నాలుగు రోజులు ఊరికే చూడు. కత్తి ముట్టుకోకు."

ఇప్పటిదాకా లెక్క: కుండీలు 11. కోసిన ఆకులు 3. ఖర్చు రూ. 270 (మందు 120, స్ప్రేయర్ 150).

రెండో దశ: మచ్చ చుట్టూ గీత (ఏప్రిల్ 21–30)

ఇక్కడ చేసిన పనే మొత్తం డైరీలో నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎవరైనా ఇంతవరకే చదివి ఆపేసినా ఇది చేయండి.

1. ఆకుల మీది మందును తడి నూలుగుడ్డతో తుడవాలి. ఆకు కింద అరచెయ్యి పెట్టుకోవాలి, లేకపోతే మొదట్లో విరుగుతుంది.
2. మచ్చ అంచు వెంబడి సన్నటి సీడీ మార్కరుతో గీత గీసి, పక్కన తేదీ వేయాలి.
3. పొడవు, వెడల్పు మిల్లీమీటర్లలో రాసుకోవాలి.
4. ఆకు తిప్పి వెనక వైపు పదింతల భూతద్దంతో చూడాలి.
5. మచ్చను వేలితో తడమాలి. గట్టిగా అట్టలా ఉందా, పొడిగా ఉందా, మెత్తగా నీరు కారుతోందా. వాసన చూడాలి.
6. మచ్చ ఆకు కొసన ఉందా, మధ్యలోనా, మొదట్లోనా, ఏ దిక్కుకు తిరిగి ఉందో రాసుకోవాలి. ఫోనులో దిక్సూచి చాలు.

తొమ్మిది రోజులకు తేలింది ఇదీ:

1, 2, 4 నంబర్లు: ఏప్రిల్ 21న 14, 9, 17 మి.మీ. ఏప్రిల్ 30న కూడా అంతే, గీత దాటలేదు. మధ్యలో ఎండుగడ్డి రంగు, అంచున సన్నటి ముదురు గోధుమ గీత. పొడిగా, కాగితంలా ఉంది. వాసన లేదు. ఆకు వంగే చోట, వంపు మీద, పడమర వైపే ఉన్నాయి. పక్క ఆకు నీడ పడ్డంత మేర ఆకుపచ్చగానే ఉంది. తెగులైతే ఇలా నీడ చూసుకుని ఆగదు, ఇది ఎండకు మాడిన మచ్చ.

5వ నంబరు: మచ్చ అనుకున్నది మచ్చే కాదు. ఆకు వెనక సూది మొనతో వేలసార్లు పొడిచినట్లు వెండి రంగు చుక్కలు. భూతద్దంలో ఇసుక రేణువు కంటే చిన్నవి, ఎర్రగా, మెల్లగా కదులుతున్నాయి. ఆకు రసం పీల్చే నల్లి. నాన్నకు ఫొటో పెడితే, "మిరపలోనూ ఎండల్లో నల్లి వస్తుంది" అన్నారు.

9వ నంబరు డెండ్రోబియం: కొసల నుంచి లోపలికి ఎండుతోంది, ప్రతి ఆకుకూ ఒకే తీరు. కుండీ పైన డొక్క ముక్కల మీద తెల్లటి పొర. అది నీళ్లలోని ఉప్పు. నీళ్లలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ పెన్ను మా బోరు నీళ్లకు పెడితే 940 పీపీఎం. ఆర్కిడ్‌కి 200 లోపు ఉండాలి.

అంటే అయిదు కుండీలకు మూడు కారణాలు. మాంకోజెబ్‌కి లొంగే శిలీంధ్రం ఒక్కదాంట్లోనూ లేదు.

కొన్న సామాను: వెలుతురు కొలిచే లక్స్ మీటరు 1,150, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు 900, తేమ మీటరు 350, టీడీఎస్ పెన్ను 250, భూతద్దం 180. జ్వరం చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్ దీనికి పనికిరాదు, అది మనిషి ఒంటి వేడి దాటితే చూపించదు.

ఇప్పటిదాకా లెక్క: కుండీలు 11. కోసిన ఆకులు 3. ఖర్చు రూ. 3,100.

మూడో దశ: ఎండ రాని బాల్కనీకి ఎండ ఎక్కడిది (ఏప్రిల్ 24)

అంతకు ముందు నేను వెలుతురు కొలిచింది రెండుసార్లు, రెండుసార్లూ మధ్యాహ్నం పన్నెండింటికి, ఫోను యాప్‌తో. 11 వేల లక్స్ వచ్చింది. ఫలనాప్సిస్‌కి 10 నుంచి 15 వేలు సరిపోతాయి కాబట్టి నిశ్చింతగా ఉన్నాను.

ఏప్రిల్ 24 ఆదివారం పొద్దున్నుంచీ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. 4వ నంబరు ఆకు వంపు మీద మీటరు కన్ను పెట్టి చూసిన అంకెలు:

ఉదయం 9:00 – 7,800
మధ్యాహ్నం 12:00 – 11,200
3:00 – 12,500
4:00 – 16,000
4:40 – 46,500
5:15 – 38,000
6:00 – 14,000

నాలుగున్నర సమయంలో పిల్లరు అంచు దాటి ఒక సన్నటి వెలుతురు పట్టీ 1వ నంబరు మీదికి వచ్చింది. అక్కణ్నుంచి నిమిషాల్లో 2, 4 మీదికి పాకింది. మచ్చలున్నవి సరిగ్గా ఆ మూడే. అదే క్షణాన ఫోను యాప్ 21 వేలు చూపిస్తోంది. నేరుగా పడే ఎండ దగ్గర యాప్‌ను నమ్మవద్దు.

అప్పుడు గాలి వేడి 39.6 డిగ్రీలు. నీడలో ఉన్న 7వ నంబరు ఆకు 37.8. ఎండ పట్టీలో 4వ నంబరు ఆకు 47.2. ఆ అంకె చూశాక ఆకును చేత్తో పట్టుకున్నాను. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నె అంచులా ఉంది. వెంటనే స్టాండు లోపలికి జరిపాను.

ఫలనాప్సిస్ ఆకు ఇంత వేడెక్కడానికి కారణం ఉంది. చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాల్లోంచి నీటిఆవిరి వదిలి చల్లబడతాయి. ఇది పగలు రంధ్రాలు మూసుకుని రాత్రి తెరుస్తుంది, నీళ్లు పొదుపు చేసుకోవడానికి. కాబట్టి పగటిపూట ఎండ పడితే చల్లబరుచుకునే దారి దాదాపు లేదు. గాలి కూడా ఆడకపోతే వేడి ఆకులోనే నిలుస్తుంది.

ఇక ఎండ ఎక్కడిదంటే: మార్చి 21 దాటాక సూర్యుడు తిన్నగా పడమరలో అస్తమించడు, కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. హైదరాబాద్‌లో ఏప్రిల్ 24కి ఆ జరుగుడు 13 డిగ్రీలు. జూన్ 21కి దాదాపు 25. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. అక్కణ్నుంచి ఆగస్టు 3 దాకా మధ్యాహ్నం సూర్యుడు కూడా మనకు ఉత్తరం వైపే ఉంటాడు. ఎండాకాలం మొదలైన కొద్దీ ఉత్తరం బాల్కనీకి సాయంత్రపు ఎండ పెరుగుతూ పోతుంది. మొక్కలు కొన్న డిసెంబరులో అది కనబడదు.

మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మామిడి కొమ్మల మీద వాందా టెస్సెలాటా పెరిగేది, అందరూ బదనిక అనేవాళ్లు. దానికీ ఎండ పడేది. కానీ ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా దిగే ఎండ అది. గాలి కదిలినప్పుడల్లా చుక్క చోటు మారుతుంది, ఒకే ఆకు మీద గంటన్నర నిలబడదు. నా రైలింగు మీద నిలబడింది.

నాలుగో దశ: నెట్ కట్టడం, మళ్లీ కట్టడం (మే 1–మే 20)

మే 1. 50 శాతం షేడ్ నెట్ తెచ్చి బాల్కనీ పైన పందిరిలా కట్టాను. తప్పు. మధ్యాహ్నం వెలుతురు 11,200 నుంచి 4,900కి పడిపోయింది, 4:40కి మాత్రం 45 వేలు అలాగే ఉంది. ఎండ పక్కనుంచి వస్తుంటే నెట్ నెత్తిన కట్టాను.

మే 4. పైనుంచి తీసి పడమటి కొసన నిలువుగా వేలాడదీశాను. 4:40కి 21,300. డెండ్రోబియంకు పరవాలేదు, ఫలనాప్సిస్‌కి ఇంకా ఎక్కువ.

మే 7. 75 శాతం నెట్ కొన్నాను. 11,400. ఆకు వేడి 40.1. ఇక్కడ ఆగాను.

దాంతో పాటు కుండీల వరస మార్చాను. వెలుతురు ఎక్కువ కావాల్సిన వాందా, డెండ్రోబియంలు పడమటి కొసకు, ఫలనాప్సిస్‌లు తూర్పుకు. ఇది మొదటి రోజే చేయాల్సింది, దీనికి రూపాయి ఖర్చు లేదు.

నల్లికి: ఆకు రెండు వైపులా తడిగుడ్డతో తుడిచి, లీటరు నీళ్లకు 5 మి.లీ. ద్రవ సబ్బు కలిపి వెనక వైపు తడిచేలా కొట్టాను. అయిదు రోజులకోసారి, మూడుసార్లు. గుడ్ల నుంచి కొత్తవి వస్తూనే ఉంటాయి కాబట్టి ఒక్కసారితో పోదు. గంధకం కొడదామనుకుంటే నాన్న ఆపారు: "ఈ ఎండల్లో గంధకం కొడితే నల్లి కంటే ముందు ఆకు మాడుతుంది." మే 20న భూతద్దంలో కదిలేదేమీ లేదు. వెండి చుక్కలు ఆకు ఉన్నన్నాళ్లూ ఉంటాయి.

నీళ్లకు: ఏసీ పైపు కింద బకెట్. రాత్రికి 8, 9 లీటర్లు, టీడీఎస్ 18. గుడ్డలో వడకట్టి పోస్తున్నాను. అందులో పోషకాలేమీ ఉండవు కాబట్టి ఎరువు పలచగా, మామూలు మోతాదులో నాలుగో వంతు, వారానికోసారి.

ఇప్పటిదాకా లెక్క: కుండీలు 11. కోసిన ఆకులు 3. కొత్త ఎండ మచ్చలు, మే 7 తర్వాత, 0. ఖర్చు రూ. 4,070 (నెట్లు 450 + 520).

అయిదో దశ: చీకటి, తడి, 2వ నంబరు (జూన్ 15–జులై 30)

ఈ డైరీలో ఎక్కువ నష్టం ఇక్కడే.

వానలు మొదలైనా నెట్ తీయలేదు. మచ్చలు ఆగాయన్న తృప్తిలో మీటరు ముట్టుకోలేదు. జూన్ 28న 3వ నంబరు కొత్త ఆకు కొలిచాను: పొడవు 23 సెం.మీ., వెడల్పు 6. దాని కింది పాత ఆకు 17, 7.5. కొత్తది ముదురు ఆకుపచ్చగా, సన్నగా సాగి, కిందికి వాలింది. ముదురు ఆకుపచ్చ చూసి ఆరోగ్యం అనుకోవడం సహజం, కానీ వెలుతురు చాలని ఆకే అలా నల్లబడుతుంది. సరిపడా వెలుతురున్న ఆకు గడ్డి రంగుకు దగ్గరగా, గట్టిగా ఉంటుంది. ఆ మధ్యాహ్నం మబ్బులో లక్స్ 2,300.

ఆ రోజే నెట్ తీసుంటే బాగుండేది. "వారాంతంలో చూద్దాం" అనుకున్నాను.

జులై 11, ఉదయం 7. 6వ నంబరు రెండో ఆకు మీద 4 మి.మీ. మచ్చ. ఎండ మచ్చలా పొడిగా లేదు. నూనె చుక్క పడిన కాగితంలా అవతలి వెలుతురు కనబడుతోంది. చుట్టూ లేత పసుపు వలయం. గీత గీశాను. గాలిలో తేమ 88 శాతం.

జులై 12, ఉదయం 7. 13 మి.మీ. గీత మచ్చ మధ్యలో ఉండిపోయింది.

జులై 12, సాయంత్రం 6. 31 మి.మీ. వేలు పెడితే పై పొర జారి లోపల నీరు. ఊరిన కూరగాయ కుళ్లిన వాసన.

నాన్న వంగ, టమాటా ఎండు తెగుళ్లకు చేసే పరీక్ష చెప్పారు. మచ్చ అంచున చిన్న ముక్క కోసి, గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లలో, కోసిన అంచు మునిగేలా వేలాడదీయాలి. దీపానికి అడ్డంగా పట్టి కదలకుండా చూడాలి. మూడు నిమిషాలకు అంచు నుంచి పాలచార ఒకటి దారంలా కిందికి దిగింది. బ్యాక్టీరియా. మాంకోజెబ్ దీని మీద పనిచేయదు.

చేయాల్సిన వరస:

1. ఆ కుండీని మిగతావాటికి దూరంగా, గది అవతలకు పెట్టాలి.
2. బ్లేడు సెగ మీద కాల్చి చల్లార్చాలి.
3. మచ్చ అంచు నుంచి 2 సెం.మీ. ఆరోగ్యంగా ఉన్న భాగం కూడా కలిపి కోయాలి.
4. ప్రతి కోతకూ మళ్లీ కాల్చాలి, లేదా కొత్త బ్లేడు.
5. కోసిన అంచుకు దాల్చినచెక్క పొడి. వేర్ల మీద పడకూడదు, వేర్లను ఎండబెట్టేస్తుంది.
6. మూడు రోజులు నీళ్లు బంద్. ఫ్యాను.

నేను 6వ నంబరుకు ఇదంతా చేశాను. తర్వాత అదే బ్లేడుతో, కాల్చకుండా, 2వ నంబరుకు కింద పండిపోయిన ఆకు ఒకటి తీసేశాను. పండుటాకే కదా అనిపించింది.

జులై 15. 2వ నంబరు మొదట్లో నూనె చుక్క. ఆకు కొసన మొదలైతే కోయడానికి చోటుంటుంది, మొదట్లో అయితే ఉండదు. జులై 17కి మొవ్వు పట్టుకుంటే చేతిలోకి వచ్చేసింది. డొక్క ముక్కలతో సహా కవరులో కట్టి పారేశాను. కుండీని బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాను. ఏప్రిల్‌లో ఎండకు మాడి కూడా బతికిన మొక్క అది. దాని వేర్లు చివరి దాకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

జులై 18. మిగిలిన ఫలనాప్సిస్‌లకు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు. డెండ్రోబియంలకు కొట్టలేదు, రాగి మందు వాటి ఆకును దెబ్బతీస్తుంది.

మార్చిన అలవాట్లు: నీళ్లు ఉదయం 8 లోపే. సాయంత్రం పోస్తే మొవ్వులో నిలిచిన నీళ్లు రాత్రంతా ఆరవు. పొరపాటున పడితే దూది మెలేసి పీల్చేయాలి. గోడ ఫ్యాను తక్కువ వేగంలో రోజంతా. నెట్ పూర్తిగా తీసేశాను, మబ్బు పట్టిన మధ్యాహ్నం 6,100.

ఇప్పటిదాకా లెక్క: కుండీలు 10. కోసిన ఆకులు 9. ఖర్చు రూ. 4,210.

ఆరో దశ: జరిపే నెట్ (ఆగస్టు–అక్టోబరు)

ఆగస్టు 6. గోడకు, పిల్లరుకు మేకులు కొట్టి జీఐ తీగ లాగి, నెట్‌కు కర్టెన్ రింగులు కుట్టాను. ఎండ కాసిన రోజు 4 గంటలకు లాగడం, మబ్బయితే జరిపేయడం. నేను ఆఫీసులో ఉంటే అత్తయ్య చూస్తారు. పిల్లరు అంచు నీడ 1వ నంబరు కుండీని తాకగానే లాగాలని గుర్తు పెట్టుకున్నారు. గడియారం కంటే అదే నయం, ఎందుకంటే ఆ సమయం వారం వారం మారుతుంది.

ఆగస్టు 22. 8వ నంబరు డెండ్రోబియంకు మచ్చ. కొంచెం లోపలికి గుంట పడి, చెట్టు కాండం కోసినప్పటి వలయాల్లా ఒకదానిలో ఒకటి, వాటి మీద నల్లటి చుక్కలు. వారానికి 2 మి.మీ. పెరిగింది, వాసన లేదు. ఇది ఆంత్రాక్నోస్, మిరపలో కాయకుళ్లు తెచ్చే కొల్లెటోట్రైకమ్ జాతి శిలీంధ్రమే. ఆకు కోసి, పది రోజుల తేడాతో రెండుసార్లు మాంకోజెబ్ కొట్టాను. ఆగింది. ఏప్రిల్‌లో వృథాగా పోయిన మందుకు ఇక్కడ అసలు పని దొరికింది.

ఇప్పటిదాకా లెక్క: కుండీలు 10. కోసిన ఆకులు 10. ఖర్చు రూ. 4,470.

ఏడో దశ: చలికాలం (నవంబరు–జనవరి 11)

సూర్యుడు దక్షిణానికి వెళ్లాడు. డిసెంబరులో మిట్టమధ్యాహ్నం 5,200 దాటలేదు. 20 వాట్ల తెల్ల ఎల్ఈడీ బ్యాటెన్ ఫలనాప్సిస్‌ల పైన 25 సెం.మీ. ఎత్తులో కట్టాను: ఆకు మీద అదనంగా 4,400. ఉదయం 6:30 నుంచి సాయంత్రం 5:30. రాత్రి వెలిగించను, రాత్రి చీకటి వాటికి అవసరం. ఖర్చు 780.

నవంబరు మూడో వారం నుంచి రాత్రుళ్లు 16, 17 డిగ్రీలు. డిసెంబరు 2న 4వ నంబరు ఆకు సందులో ఆకుపచ్చ మొన. వేరైతే కొస గుండ్రంగా, నున్నగా ఉంటుంది. ఇది చేతి తొడుగులా బొటనవేలు విడిగా ఉన్నట్లు చదునుగా ఉంది. పూల కాడే. రోజుకు 3, 4 మి.మీ. చొప్పున పెరిగింది. 3వ నంబరుకు ఇంకా లేదు, జూన్‌లో సాగిన ఆ ఆకు ఇప్పటికీ వాలే ఉంది.

జనవరి 11 కొలతలు:

4వ నంబరు పూల కాడ 15 సెం.మీ., మొగ్గలు కనబడేవి 3.
6వ నంబరు కొత్త ఆకు 9 సెం.మీ., మచ్చ లేదు.
5వ నంబరు, భూతద్దంలో నల్లి లేదు.
9వ నంబరు కొత్త ఆకుల కొసలు పచ్చగా ఉన్నాయి.
1వ నంబరు ఎండ మచ్చ 14 మి.మీ. మార్కరు గీత రెండుసార్లు చెరిగిపోతే పాత గీత మీదే మళ్లీ గీశాను.

మొత్తం లెక్క: కుండీలు 10. కోసిన ఆకులు 10. ఖర్చు రూ. 5,250.

తర్వాతి పని: రెండు రింగులు తుప్పు పట్టి తీగ మీద జరగడం లేదు. మార్చి 21 లోపు మార్చాలి.